జోగమ్మ కుర్చీబండి ఎక్కిన సంతరోజు

దమ్మపేట నుంచి దుమ్ముగూడెం దాకా పోయి రావడం కూడా ఒక యాత్రేనా, దాని గురించి మళ్లీ రాయడం కూడానా అని మా అన్నయ్య నవ్వాడు. మా ఇంట్లో యాత్ర అంటే కాశీ, లేదా తిరుపతి. కనీసం రైలన్నా ఎక్కాలి. నేను ఎక్కింది వెనక సీట్లు పీకేసిన ఒక పాత వ్యాను. అయినా ఆ మూడు రోజుల్లో చూసినంత లోకం అంతకుముందు నేను పుస్తకాల్లో తప్ప ఎక్కడా చూడలేదు. అటువైపు వెళ్లని వాళ్ల కోసం రాస్తున్నాను.

ఖమ్మంలో నాకు చదువు చెప్పిన పెద్ద టీచరు గారి నుంచి కబురు వచ్చింది. న్యూజిలాండ్ నుంచి ఇద్దరు మిషనరీలు వచ్చారు, నడవలేని వాళ్లకు చక్రాల కుర్చీలు ఇస్తున్నారు, మాటలు తర్జుమా చేసే మనిషి కామెర్లొచ్చి పడుకున్నాడు, నీకు ఇంగ్లీషు వచ్చు కదా, వెళ్లమని. నాకు ఇంగ్లీషు వచ్చు, నిజమే. చదవడం వచ్చు. మాట్లాడటమంటారా, అది నాకు తెలుగులోనే సరిగ్గా రాదు.

"వాళ్ల మతంలో కలిపేసుకుంటారేమోనే" అంది అమ్మ.

"దాన్ని కలుపుకుని ఏం చేసుకుంటారే? నోరు తెరిచి ఒక పాటన్నా పాడదు" అంది నాయనమ్మ.

అలా నాకు అనుమతి దొరికింది.

పాల్వంచలో నిమ్మకాయలు

మార్గరెట్ గారు నర్సు. యాభై దాటిన మనిషి, మా దూలానికి తల తగిలేంత పొడుగు. పీటర్ గారు ఆమె తమ్ముడు. బట్టతల, జేబులో ఎప్పుడూ ఒక పానా. వాళ్ల దేశంలో ఆస్పత్రులు పక్కన పెట్టేసిన కుర్చీలను పోగుచేసి, విప్పి, ఓడలో పంపించి, ఇక్కడ ఎవరి కొలతకు తగ్గట్టు వాళ్లకు మళ్లీ బిగించడం ఆయన పని. వ్యాను నడిపేది ఖమ్మం ఇస్మాయిల్ చాచా. ఆయన గొంతు మూడు వీధులకు వినపడుతుంది.

మొదటి గంటలోనే మా ముగ్గురికీ ఒక పద్ధతి కుదిరిపోయింది. మార్గరెట్ గారు ఇంగ్లీషులో అడుగుతారు. నేను తెలుగులో గొణుగుతాను. చాచా దాన్ని అందుకుని ఊరందరికీ వినపడేలా అరుస్తాడు, తనవి నాలుగు ప్రశ్నలు కలిపి మరీ.

దారిలో ఒక పోలియో పిల్లవాడి తల్లిని "ఎలా ఉన్నారు?" అని మార్గరెట్ గారు పలకరిస్తే నేను అదే గొణిగాను. చాచా అందుకున్నాడు. "ఏమమ్మా, అమ్మగారు అడుగుతున్నది! మంచిగున్నవా? పొద్దున తిన్నవా? ఏం తిన్నవ్? జల్దీ చెప్పు!"

ఆమె జొన్నగటక తిన్నానని చెప్పింది. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేక చెమటలు పట్టించుకున్నాను.

పాల్వంచలో టీకి ఆగాం. పక్కన పెట్టిన మిరపకాయ బజ్జీలు రూపాయికి నాలుగు. పీటర్ గారు ఒకదాన్ని తొడిమతో సహా నోట్లో వేసుకున్నారు. టీ కొట్టు ఆయన పరుగున వచ్చి అరచేతిలో పంచదార పోశాడు. కళ్ల నీళ్లు తుడుచుకుని పీటర్ గారు రెండోది తీసుకున్నారు. కొట్టు చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఎదురుగా ఒక కొత్త ట్రాక్టరు బంతిపూల దండలతో ఆగి ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు ఎందుకు పెట్టారని మార్గరెట్ గారు అడిగారు. దిష్టి అని చెప్పడానికి నాకు ఇంగ్లీషులో మాట దొరకలేదు. మా ఇంటికి ఎర్ర ట్రాక్టరు వచ్చిన రోజు గుర్తొచ్చి అది చెప్పాను. నాన్న ముందు నాయనమ్మను ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ స్టీరింగును రెండు చేతులా కావలించుకుని, ఇంజను వేయకుండానే "ఆపండ్రా, ఆపండి" అని కేకలు పెట్టింది. ఆవిడ దిగాకే మిగతా వాళ్లం ఎక్కాం. మార్గరెట్ గారు బాగా నవ్వారు కానీ, ముందు ఆవిడే ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు. పెద్దావిడ కదా, అంతే అనుకున్నాను.

భద్రాచలంలో పెళ్లిపందిళ్లు

సారపాక దాటి వంతెన ఎక్కేసరికి గోదావరి సగం ఇసుక, సగం నీళ్లుగా కనిపించింది. ఊళ్లోకి వెళ్తే ఎటు చూసినా పందిళ్లు, సున్నాలు, వాసాలు మోసే మనుషులు. శ్రీరామనవమి దగ్గర పడింది.

"ఎవరి పెళ్లి?" అని అడిగారు పీటర్ గారు.

"రాముడిది."

"ఎప్పుడు నిశ్చయమైంది?"

"ప్రతి ఏడూ చేస్తారు."

"ప్రతి ఏడూ అదే అమ్మాయితోనా?"

"అదే అమ్మాయితో."

"అయితే మంచి పెళ్లే" అన్నారు.

మధ్యాహ్నం అడ్డాకు విస్తరిలో భోజనం. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. మా వైపు విందుల్లో అరిటాకు వేస్తారు, అందులో పులుసు ఎటు పారుతుందో చూసుకోవడమే ఒక పని. ఈ విస్తరి అంచు కాస్త లేచి ఉండి పులుసును లోపలే ఆపుతుంది. మార్గరెట్ గారు తినడం ఆపి ఆ కుట్టునే చూస్తూ ఉండిపోయారు. ఆకుకూ ఆకుకూ మధ్య సన్నటి పుల్ల, దారం లేదు, ముడి లేదు. గాయానికి కుట్లు వేసే చేతులు ఆమెవి, కుట్టు విలువ ఆమెకు తెలుసు. వాడని విస్తరి ఒకటి అడిగి తీసుకుని సంచిలో దాచుకున్నారు.

ఆ సాయంత్రం కరకట్ట మీద కూర్చున్నప్పుడు ఆమె నాకొక సంగతి చెప్పారు. ఇంతకుముందు పనిచేసిన దేశంలో ఒక పడుచు పిల్లకు కుర్చీ ఇచ్చారట. మరుసటేడు వెళ్లి చూస్తే, ఆ ఊరి పెద్దమనిషి తన వాకిట్లో ఆ కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆ పిల్ల ఎప్పటిలాగే నేల మీద పాక్కుంటూ ఉంది. అప్పటి నుంచి ఆమెకు ఒకటే నియమం. ఎవరి కొలతకు బిగించామో వాళ్లే కూర్చోవాలి. వేరేవాళ్లు కూర్చున్నట్టు కంటపడితే అప్పటికప్పుడు తిరిగి తీసుకుపోవాలి. పెద్దవాళ్ల కుర్చీ ఇక ఒక్కటే మిగిలింది, దుమ్ముగూడెం అవతల ఉన్న జోగమ్మ అనే ఆమె పేరు మీద. పినపాక వైపు మరొకరు కూడా దాని కోసం ఎదురు చూస్తున్నారు.

"నేను కఠినంగా ఉంటానని పీటర్ అంటాడు" అన్నారామె. నేను గోదావరి వైపు చూశాను.

జోగమ్మ

దుమ్ముగూడెం నుంచి బండిబాట. రెండు వైపులా ఇప్పచెట్లు, కింద నేలంతా లేతపసుపు పూలు. తెల్లవారుజామునే రాలినవాటిని ఆడవాళ్లు గంపల్లోకి ఏరుతున్నారు. వ్యాను ఒకచోట ఇసుకలో దిగబడింది. పూలు ఏరేవాళ్లే వచ్చి నెట్టారు. చాచా లోపల కూర్చుని "ఇంక జర, ఇంక జర" అంటుంటే, ఒకామె "నువ్వు దిగరాదు, ముందు నీ బరువు తగ్గుతది" అంది. చాచా దిగాడు. బండి లేచింది.

జోగమ్మ ఇల్లు గూడెం చివర. తడిక గోడలు, ఎర్రమన్ను అలికిన వాకిలి. వాకిట్లో ఆకుల గుట్ట మధ్య కూర్చుని విస్తర్లు కుడుతోంది. ముప్పై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. చేతులు మాత్రం మోకుల్లా ఉన్నాయి. నిన్న మేం తిన్న విస్తరి లాంటిదే మా కళ్ల ముందు తయారైంది. మార్గరెట్ గారు సంచిలోంచి తన విస్తరి తీసి చూపించారు.

జోగమ్మ తిప్పి చూసి పెదవి విరిచింది. "ఇది నాది కాదు. గింత దూరం దూరం కుడితె పులుసు ఆగుతదా?"

మార్గరెట్ గారు కొలతలు తీస్తుంటే జోగమ్మ గాజులు మోచేతి దాకా జారి, మళ్లీ మణికట్టు మీదికి వచ్చి పడుతున్నాయి. అంత వదులువి ఎందుకు వేసుకున్నావని నేను గొణిగాను. చాచా అరిచాడు.

"మా వదిన తెస్తది సంతల నుంచి" అంది జోగమ్మ. "దాని చేతికి తొడిగి చూసుకొని తెస్తది. దాని చెయ్యి దుంగ."

"దుంగ గాకపోతె నిన్ను యెవలెత్తుతరే?" అంది లోపల నుంచి వదిన.

"అందుకే గద ఏమంటలేను."

విస్తర్లు కుట్టేది జోగమ్మ, సంతలో అమ్మేది వదిన. తండ్రి బతికి ఉన్నప్పుడు చిన్నపిల్లగా ఆయన భుజం మీద ఒకటి రెండుసార్లు సంతకు వెళ్లిందట. తర్వాత లేదు. "సంతల ఏమున్నదో నాకు తెల్వదా? వచ్చినోల్లందరు చెప్తరు. ఉప్పుచేప వచ్చిందని చెప్తరు, రంగులరాట్నం వచ్చిందని చెప్తరు. ఒక్కడన్న తీస్కపోతడా?" అని, పీటర్ గారి చేతిలోని చక్రాన్ని చూసి, "రేపే సంత" అంది.

కుర్చీ బిగించడం అయిపోయింది. మార్గరెట్ గారు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. గూడెం ఆడవాళ్లు ఎవరి దండం వాళ్లు పెట్టుకున్నారు. ఇక కూర్చోమని సైగ చేశారామె.

జోగమ్మ కూర్చోలేదు. "రేపు" అంది.

"ఒక్కసారి సరిపోయిందో లేదో చూడాలి" అన్నారు మార్గరెట్ గారు.

"తాత రావాలె. తన బిడ్డ ఊరికి పోయిండు. రేపు పొద్దుగాల వస్తడు" అంది వదిన.

నేను అదే చెప్పాను, తాతగారు రావాలంట అని. మార్గరెట్ గారి మొహం కాస్త బిగిసింది. "మగవాళ్ల అనుమతి" అన్నారు పీటర్ గారితో, మెల్లగా. నాకూ అలాగే అనిపించింది. జోగమ్మ మాత్రం కుర్చీ చక్రం మీద చెయ్యి వేసి, దూడను నిమిరినట్టు నిమురుతూ ఉంది. మేం వెళ్లేదాకా ఆ చెయ్యి తీయలేదు.

ఎదురైన డప్పు

రాత్రి దుమ్ముగూడెంలో ప్రయాణికుల బంగళాలో ఉండి, పొద్దున్నే మళ్లీ బయలుదేరాం. జోగమ్మ కుర్చీలో కూర్చోవడం చూసి, సరిచేయాల్సింది సరిచేసి, మధ్యాహ్నానికి వెనక్కి తిరగాలని అనుకున్నాం. గూడెం దగ్గరికి రాగానే డప్పు వినపడింది.

బాట మీద ఊరంతా ఉంది. మధ్యలో చక్రాల కుర్చీ, పసుపు రాసిన చక్రాలు, కుంకుమ బొట్లు, ఇప్పపూల దండ. అందులో ఎనభై దాటిన ఒక ముసలాయన తలపాగా చుట్టుకుని, కాళ్లు చాపుకుని, దర్జాగా కూర్చున్నాడు. నలుగురు నెడుతున్నారు. జోగమ్మ కోసం చూశాను. తన ఇంటి ముందు ఎప్పటిలాగే నేల మీద ఉంది.

మార్గరెట్ గారు వ్యాను ఆగకముందే దిగారు. ఆమె మొహం తెల్లగా అయిపోయింది. "పీటర్, ఆ కుర్చీ తీసుకురా. పినపాక వెళ్దాం" అన్నారు. నా వైపు తిరిగి, "తీసుకుపోతున్నామని వాళ్లకు చెప్పు" అన్నారు.

పీటర్ గారు ఇష్టం లేకపోయినా వెళ్లి కుర్చీ వెనక పిడులు పట్టుకున్నారు. ముసలాయన తలతిప్పి చూసి పొంగిపోయాడు. "ఓరి, దొరబాబే నూకుతడట! మీరు జరుగుండ్రిరా!" డప్పు ఇంకా జోరందుకుంది. పీటర్ గారు వ్యాను వైపు లాగుతున్నారు, ముసలాయన ఊరి వైపు చెయ్యి చూపిస్తున్నాడు, జనం ఈలలు వేస్తున్నారు.

"చెప్పు బేటీ, ఏమంటున్నది అమ్మగారు? నేను అరుస్త" అన్నాడు చాచా.

నేను జోగమ్మను చూశాను. ఆమె ఏడవడం లేదు. కొత్తచీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, పక్కన విస్తర్ల కట్ట పెట్టుకుని ఉంది. సంతకు తయారైన మనిషి. ముసలాయనను చూసి పకపకా నవ్వుతోంది, తన వంతు కోసం చూసే పిల్లలా. అప్పుడు నాకు ఎర్ర ట్రాక్టరూ, స్టీరింగును కావలించుకున్న నాయనమ్మా కళ్ల ముందు మెదిలారు.

"వద్దు" అన్నాను. అది గొణుగుడు కాదు. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. డప్పు కొట్టే ఆయన చెయ్యి ఆగిపోయింది. "మార్గరెట్ గారూ, మీరు పొరబడుతున్నారు. దయచేసి ఆ కుర్చీని ముట్టుకోకండి. ఈ సంగతి నేను తేల్చుకునే దాకా మీరు కదలడానికి వీల్లేదు."

ఇంగ్లీషులో ఇది ఇంకా ఘోరంగా ఉంది. పాత నవలల్లో లాయర్లు కోర్టులో మాట్లాడే మాటలు తప్ప నాకు వేరే ఇంగ్లీషు ఎక్కడిది? మార్గరెట్ గారు నోరు తెరిచి అలాగే నిలబడిపోయారు.

ముసలాయన దగ్గరికి వెళ్లి అంతే గట్టిగా అడిగాను. "తాతా, ఈ బండి ఎవరిది?"

"ఎవలిదేంది? జోగిది."

"మరి మీరెందుకు ఎక్కారు?"

ఆయన నన్ను ఏమీ తెలియని దాన్ని చూసినట్టు చూశాడు. "కొత్త బండి ఊర్లకొస్తె ముందు ఎవలెక్కాలె బిడ్డా? ఊర్ల అందరికన్న పెద్దోడు ఎక్కాలె. ఆయన ఏండ్లన్ని బండికి రావాలె. లేకపోతె నడుమ దారిల ఇరుగుతది. నేను నిన్న లేకుంటి. పాపం పొల్ల రాత్రంత బండి పక్కన్నే పండుకున్నదట, ఎక్కకుంట."

"ఇప్పుడన్న దిగు తాతా!" అని జోగమ్మ అక్కడి నుంచి కేక వేసింది. "నీ ఏండ్లు సాలు, ఇంక ఎక్కువిస్తె నాకన్న అదే ఎక్కువ బతుకుతది! ఆడ సంత లేసిపోతది!"

నేను అంతా మార్గరెట్ గారికి చెప్పాను. ఆమె వెళ్లి ముసలాయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు, ఆయన కళ్లు తన కళ్లకు సమంగా వచ్చేలా. తప్పయింది, క్షమించమని చెప్పమన్నారు.

"ఏం తప్పు? మీకేం ఎరుక?" అన్నాడాయన. "మీ ఊర్ల కొత్త బండొస్తె ఎవలెక్కుతరమ్మా ముందు?"

మార్గరెట్ గారు పీటర్ గారిని చూశారు. పీటర్ గారు తల గోక్కున్నారు. వాళ్లది గొర్రెల పొలమట. కొత్త ట్రక్కు వచ్చిన రోజు వాళ్ల నాన్న ముందు సీట్లో ఎవరిని ఎక్కించేవాడంటే, గొర్రెలు కాసే కుక్కను. అది కుదురుగా కూర్చుంటేనే ఆ బండి మంచిది.

నేను అనువదించాను. తాత అందరికంటే ముందు నవ్వాడు, తలపాగా జారిపోయేదాకా. "అంటె నేనాడుంటె కుక్క పని నాదన్నట్టు! కుదురుగ కూసుంటినా లేదా, అడుగు దొరబాబును!"

"చాలా కుదురుగా కూర్చున్నారు" అన్నారు పీటర్ గారు.

చాచా చేతులు కట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. "అయితె నా నౌకరి పోయినట్టే బేటీ" అన్నాడు.

సంత

తాత దిగాడు. వదిన దుంగలాంటి చేతులతో జోగమ్మను ఎత్తి కూర్చోబెట్టింది. కాలిపీట కాస్త కిందికి దించాల్సి వచ్చింది, పీటర్ గారి పానా బయటికి వచ్చింది. జోగమ్మ చక్రాలను ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తోసింది. ఆ చేతులకు అదో లెక్కా! రెండో తోపుకే వాకిలి దాటింది.

సంత దాకా అలాగే వెళ్లిందని రాస్తే బాగుంటుంది కానీ, అలా జరగలేదు. ముందున్న చిన్న చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. వ్యాను ఎక్కించుకుంటామంటే జోగమ్మ ఒప్పుకోలేదు, వ్యాన్లో కూర్చుంటే దారిలో ఎవరికి కనపడతానని. చివరికి కుర్చీని మనిషితో సహా ఎడ్లబండి మీదికి ఎత్తి, తాళ్లతో కట్టారు. బండి మీద బండి. దాని మీద, అందరికంటే ఎత్తున, జోగమ్మ. దారిలో కనపడిన ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పలకరించింది. పలకరించని వాళ్లను తిట్టింది. మేం వెనకాల వ్యాన్లో నడక కంటే మెల్లగా వెళ్లాం.

సంత జరిగే చోట నేల గట్టిగా ఉంది. అక్కడ దించారు. అంతే, ఇక ఆమెను పట్టుకోలేకపోయాం. ఉప్పుచేపల దగ్గర ముక్కు మూసుకుంది, మళ్లీ వెనక్కి వెళ్లి వాసన చూసింది. చింతపండు నోట్లో వేసుకుని బాగాలేదని అమ్మేవాడి మొహం మీదే చెప్పింది. ఇప్పపువ్వు ఉడికించి అమ్మే అవ్వ దగ్గర మాకందరికీ ఆకుల్లో పెట్టించింది. తియ్యగా, కాస్త పొగవాసనతో, మా ఇళ్లలో ఎరగని రుచి. మార్గరెట్ గారు రెండుసార్లు పెట్టించుకున్నారు. విస్తర్లను మాత్రం జోగమ్మ తనే అమ్మింది. కొనేవాడు బేరమాడబోతే ఒక విస్తరిలో చెంబెడు నీళ్లు పోసి వాడి చేతుల్లో పెట్టింది. వాడు నీళ్లు కారతాయేమోనని చాలాసేపు చూసి, ఓడిపోయి కొనుక్కున్నాడు.

"నిన్న నీ గొంతు యాడ దాసినవ్ పిల్లా?" అని నన్ను అడిగింది మధ్యలో.

ఏమో అన్నాను.

"గట్లనే బయట పెట్టుకొని తిరుగు. బాగున్నది."

చివరన గాజుల మలారం విప్పి పరిచిన చోట ఆగింది. గాజులాయన వదినను చూసి గుర్తుపట్టి, అలవాటుగా ఆమె కొలతవే ఒక జత తీసి చేతికివ్వబోయాడు.

"ఎప్పటివేనా అమ్మా? ఇంటికాడ ఆడబిడ్డకేనా?" అన్నాడు.

జోగమ్మ చక్రం ఒక్క తోపు తోసి వదిన ముందుకు వచ్చింది. పాతగాజులు ఒక్కొక్కటే జార్చి ఒళ్లో వేసుకుంది. ఆకుల పసరుతో పచ్చబడిన చెయ్యిని ఆయన మొహం ముందు చాచింది.

"అటెందుకు సూస్తవ్? ఇటు సూడు. చెయ్యి ఈడున్నది."